ఈ వారం నోరు విప్పనివాళ్ళు

నిన్న ఆదివారం పొద్దున్నే స్కూల్ గ్రూపులో హెచ్ఎం గారి మెసేజ్. "రత్నం టీచర్ గారు ఇక లేరు."

నమ్మలేదు.

నాకు అనుమానం ఎక్కువని మీ అందరికీ తెలుసు. హెచ్ఎం గారి ఫోన్ ఎవరి చేతిలోనో పడిందేమో అనుకుని కాల్ చేశాను. ఎత్తారు. ఏడుస్తున్నారు.

గుండెపోటట. శనివారం సాయంత్రం నేను షేర్ ఆటో ఎక్కుతుంటే గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపిన మనిషి.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. రత్నం గారు మా నర్సీపట్నం స్కూల్లో రెండో తరగతి టీచర్. రెండేళ్ళ కిందట కొయ్యూరు వైపు నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చారు. నాది నాలుగో తరగతి, పక్క గదే. మధ్యలో ఒక్క గోడ.

వచ్చిన మొదటి వారం నుంచే ఆవిడ మీద నాకు అనుమానం.

కారణం ఒక లాంగ్ నోట్‌బుక్.

ప్రతి శుక్రవారం లాస్ట్ పీరియడ్‌లో వాళ్ళ పిల్లలు "ఈ వారం మేం నేర్చుకున్నవి" అని ఒక చార్టు తయారుచేస్తారు. చింతపిక్కలతో కూడికలు చేసిన వారం చింతపిక్కలు, చెట్ల పాఠం అయిన వారం ఆకులు అతికిస్తారు. చేతుల నిండా జిగురు, గది నిండా గోల. ఆ గోలలో ఈవిడ ఒక మూల కూర్చుని నోట్‌బుక్‌లో ఏదో రాసుకునేవారు. నేను గుమ్మంలోకి వెళ్తే మూసేసేవారు. మూసి, నవ్వేవారు.

ఆ నవ్వే నాకు నచ్చేది కాదు.

పై ఆఫీసుకి మా మీద రిపోర్టులు పోతున్నాయని తేల్చేసుకున్నాను. ఎవరు లేటుగా వచ్చారు, ఎవరు క్లాసులో ఫోన్ చూశారు, అన్నీ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, క్లాసులో ఫోన్ చూసే అలవాటు నాకే ఉండేది.

ఆ దెబ్బకి ఆ టర్మ్ అంతా నా లెసన్ ప్లాన్ ఒక్కరోజు వెనకపడలేదు. గోడ అవతలకి వినపడాలని గొంతు చించుకుని పాఠం చెప్పాను. చివరికి ఆవిడతో మాట కూడా మానేశాను.

మధ్యాహ్న భోజనం వండే అప్పలనర్సమ్మ ఊరుకోదు కదా. "ఏటండి టీచరుగారు, ఆవిడతో మాటాడ్డం మానీసేరేటి? ఏటి సేసిందండి పాపం?" అంది.

"నీకు తెలీదులే" అన్నాను. నాకు మాత్రం ఏం తెలుసని.

ఒక సోమవారం రత్నం గారు గుత్తి వంకాయ కూర తెచ్చి నా బల్ల మీద పెట్టారు. నాకది ప్రాణం. ఆ సంగతి ఈవిడకి ఎవరు చెప్పినట్టు? నా గురించి వాకబు చేస్తున్నారన్నమాట. సోమవారం ఉపవాసమని చెప్పి డబ్బా వెనక్కి ఇచ్చేశాను. మధ్యాహ్నం మర్చిపోయి ఆవిడ ఎదురుగానే పెరుగన్నం తిన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. ఎందుకు అనలేదా అని మళ్ళీ అనుమానం.

ఆ శుక్రవారం చార్టు పని అయ్యాక, జిగురు చేతులు కడిగించడానికి పిల్లల్ని కుళాయి దగ్గరకి తీసుకెళ్ళారు. నోట్‌బుక్ బల్ల మీదే ఉంది. చాక్‌పీసు కోసం వెళ్ళినట్టు వెళ్ళి, తెరిచాను.

వారానికి ఒక పేజీ. అన్నిటికీ ఒకటే హెడ్డింగు: "ఈ వారం నోరు విప్పనివాళ్ళు."

పాత పేజీల నుంచి తిప్పాను. కింద పిల్లల పేర్లు. పేరు పక్కన వచ్చే వారం చెయ్యాల్సిన పని.

"భవాని – కొయ్యూరు నుంచి వచ్చి మేనత్త ఇంట్లో ఉంటోంది. మేకపిల్లని వదిలి వచ్చిందట. మంగళవారం జంతువుల పాఠం మేకతోనే మొదలెట్టాలి."

"యశ్వంత్ – తాత ఏటికొప్పాకలో లక్కబొమ్మలు, బొంగరాలు చేస్తాడు. శనివారం ఒకటి తెమ్మనాలి. ఎలా చేస్తారో వాడే చెప్పాలి."

ఆ గదిలోంచి ఒక వారం మేక అరుపులు, ఇంకో వారం బొంగరాల చప్పుడు ఎందుకు వచ్చేవో అప్పుడు తెలిసింది.

ఆ వారం పేజీ చివర ఇంకో పేరుంది.

"పక్క గది సుజాత గారు – మూడో వారం. వంకాయ కూర పనిచెయ్యలేదు. పాట అడిగి చూడాలి."

నోట్‌బుక్ మూసి నా గదికి వచ్చి కూర్చున్నాను. సిగ్గేసింది. చాలా సిగ్గేసింది.

మర్నాడు శనివారం, పుస్తకాల సంచులు తేనక్కర్లేని నో బ్యాగ్ డే. రత్నం గారు నా గుమ్మంలో నిలబడి, "మీ గొంతు గోడ దాటి వచ్చేస్తందండీ సుజాత గారూ. మా పిల్లలు నా పాఠం వదిలీసి మీదే వింటన్నారు. ఓ పాట నేర్పీకూడదేటండీ?" అన్నారు.

వెళ్ళాను. నేర్పాను. రెండో చరణం భవాని ఒక్కతే పాడింది. రత్నం గారు కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నారు.

ఆ తర్వాత మేం మాట్లాడుకోని రోజు లేదు. కానీ నోట్‌బుక్ చూశానని చెప్పలేదు. అనుమానించానని చెప్పలేదు. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ ఏడాది దాటించాను.

ఈరోజు ప్రేయర్ దగ్గర సంతాపం అయ్యాక హెచ్ఎం గారు నన్ను రెండో తరగతికి పంపారు. పిల్లలెవరూ నోరు విప్పలేదు. ఏం చెయ్యాలో తోచక ఆవిడ సొరుగు తీశాను. నోట్‌బుక్ ఉంది. మొన్న శుక్రవారం పేజీ చూశాను.

ఈసారి పిల్లల పేర్లు రెండే. మూడోది నాది.

"సుజాత గారు – బాగానే మాట్లాడుతున్నారు. కానీ ఏదో చెప్పబోయి ఆగిపోతున్నారు. తొందరపెట్టకూడదు."

అంటే ఆవిడకి తెలుసా? ఆ రోజు నోట్‌బుక్ కావాలనే బల్ల మీద వదిలి వెళ్ళారా? నా బుద్ధి పోలేదు, ఇప్పటికీ అనుమానమే. ఈ ఒక్కటీ నిజమైతే బాగుండు.

రత్నం గారూ,
మీ నోట్‌బుక్ నేను చూశాను.
మిమ్మల్ని అనుమానించాను.
ఆ సోమవారం నాకు ఉపవాసం లేదు.
క్షమించండి.

ఆ ఇద్దరు పిల్లల సంగతి ఈ వారం నేను చూసుకుంటాను. నా పేరు మాత్రం మీరే కొట్టేసి, ప్రశాంతంగా పడుకోండి.