లిఫ్టు లేదు, ముందే చెబుతున్నాం

యోగానంద ఎవరి వ్యాపారం గురించి రాసినా, ఆ వ్యాపారంలో ఉన్న లోపాన్ని మొట్టమొదటి వాక్యంలోనే రాసేవాడు. చివర్లో చిన్న అక్షరాల్లో ఎక్కడో కాదు, అన్నిటికంటే పైన. పని అప్పగించినవాడు తన వెబ్‌సైటు తెరిచి, మొదటి వరుస చదివి, గుండె పట్టుకునేవాడు.

రెండు వేల నాలుగు ప్రాంతంలో తిరుపతి బస్టాండు వెనక నాకొక ఇంటర్నెట్ సెంటరు ఉండేది. పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకుని వెబ్‌సైట్లు కట్టేవాణ్ణి. వాటిలో మాటలు రాసే పని యోగానందది. అంతకుముందు ఆయన ప్రచారం ఆటోలో కూర్చుని, మైకు పట్టుకుని, చీరల షాపుల గురించి ఊరంతా అరిచేవాడు.

"ఇరవై ఏండ్లు అరిసినాను శీనప్పా. ఇంక మెల్లిగా మాట్లాడాలని ఉండాది" అంటూ వచ్చి నా సెంటర్లో కూర్చున్నాడు.

మెల్లిగానే మాట్లాడాడు. వడమాలపేట ట్రావెల్స్‌కి ఆయన రాసిన మొదటి పేజీ ఇది: "మా డ్రైవరు ఏబెల్ నిదానంగా నడుపుతాడు. రైలు అందుకోవాల్సినవాళ్ళు ఇంకో కారు చూసుకోండి." ఐరాల బెల్లం వ్యాపారికి: "మా బెల్లం నల్లగా ఉంటుంది. చూడగానే కొనాలనిపించదు." పులికాట్ సరస్సులో పడవలు తిప్పించే ఆసామికి: "పక్షులు మా మాట వినవు. కొన్ని రోజులు అసలు రావు."

ఆ పడవలాయన బస్సెక్కి వచ్చేశాడు.

"ఏమ్‌నా, పక్షులు రావని రాస్తే మనుషులెట్ట వస్తారు?"

"పక్షుల్ని నువ్వు పిలిపిస్తావా?"

"నేనెట్ట పిలిపిస్తాను?"

"మరి వస్తాయని నేనెట్ట రాస్తాను?"

అంతకుమించి ఎవరికీ ఏదీ వివరించేవాడు కాదు. వాళ్ళు తిట్టుకుంటూ వెళ్ళేవాళ్ళు. కొన్నాళ్ళకి మరో పని తెచ్చేవాళ్ళు. ముసలి తల్లిదండ్రులతో ప్రయాణం చేసేవాళ్ళంతా ఏబెల్ కారే కావాలని ఫోను చేస్తున్నారట.

ఈ వ్యవహారంలో కష్టమంతా నాది. ఆ రోజుల్లో తెలుగు అక్షరాలు చాలా కంప్యూటర్లలో డబ్బాల్లా కనిపించేవి. అందుకని రాసిన ప్రతి పేరానీ బొమ్మగా మార్చి పెట్టేవాణ్ణి. యోగానంద ఒక్క మాట మారిస్తే బొమ్మంతా మళ్ళీ చెయ్యాలి. అది చాలదన్నట్టు, మధ్యాహ్నం నేను క్యారియరు విప్పగానే ఎవరో ఒకరు తలుపు తోసేవారు. చారన్నంలో చెయ్యి పెట్టేవాణ్ణి, కడుక్కుని రైలు టిక్కెట్టు తీసిచ్చేవాణ్ణి, మళ్ళీ చారన్నంలో చెయ్యి పెట్టేవాణ్ణి. యోగానంద పక్కనే కూర్చుని చూసేవాడు.

"మన సెంటరుకి కూడా ఒక పేజీ రాయన్నా" అంటే, "నీ లోపం ఇంకా తేలలేదప్పా" అనేవాడు.

అలాంటి మనిషి చేతికి సుందరరాజు లాడ్జి చిక్కింది.

అది బస్టాండు దగ్గరే ఉన్న మూడంతస్తుల పాత లాడ్జి. భవనం అద్దెది. చుట్టూ లిఫ్టులున్న లాడ్జీలు లేచాక ఆ గదులు ఖాళీ పడిపోయాయి. ఈ ఎండాకాలం రద్దీలో కూడా నిండకపోతే, లాడ్జి ఎత్తేసి బట్టల గోడౌనుకి ఇచ్చేస్తానని భవనం యజమాని తేల్చి చెప్పాడు. అదే జరిగితే సుందరరాజుకి బతుకుతెరువు పోతుంది. ఆయన దగ్గర ఎన్నో ఏళ్ళుగా గదులు ఊడ్చి, నీళ్ళు మోసే గంగులమ్మకీ పోతుంది.

యోగానంద వెళ్ళి లాడ్జి ముందుగదిలో బెంచీ మీద రెండు పూటలు కూర్చుని వచ్చాడు. రాసి ఇచ్చాడు: "మా లాడ్జికి లిఫ్టు లేదు. పంపులో వేడినీళ్ళు రావు."

సుందరరాజు చదివి కుర్చీలో కూలబడ్డాడు.

"లాడ్జి నిలబెట్టమంటే పడగొడతాండావు గదప్పా!"

"లిఫ్టు ఉండాదా?"

"లేదు."

"వేణ్ణీళ్ళు?"

"పొయ్యి మింద కాస్తే ఎన్నైనా ఉండాయి!"

"పొయ్యి పంపులో ఉండాదా?"

సుందరరాజు నావైపు తిరిగాడు. "శీనా, ఈయప్ప మాట వినొద్దు. నేను చెప్పేది పెట్టు. సకల సౌకర్యములు కలవు. ఇరవై నాలుగు గంటలూ వేడినీరు కలదు."

పెట్టాను. ఇల్లు ఎవరిదైతే వాళ్ళు చెప్పినట్టు కట్టడం మేస్త్రీ పని. యోగానంద కోపగించుకోలేదు. "మంచిది" అని, మళ్ళీ వెళ్ళి ఆ బెంచీ మీదే కూర్చున్నాడు.

సకల సౌకర్యాలకి జనం బాగానే కదిలారు. లాడ్జి వాళ్ళకి వచ్చే ఈమెయిళ్ళు నా సెంటరుకే వచ్చేవి. వాటిని కాగితం మీద తీసి నేనే తీసుకెళ్ళి ఇచ్చేవాణ్ణి. అలా వెళ్ళిన ఒక రోజు, రాజమండ్రి నుంచి ఒక కుటుంబం దిగింది. కొండ నడిచి ఎక్కి, నడిచి దిగి వచ్చారు. వాళ్ళ ముసలమ్మ లాడ్జి మెట్లను కింది నుంచి పైదాకా చూసి, మొదటి మెట్టు మీదే కూర్చుండిపోయింది.

ఆమె కొడుకు కంప్యూటర్లో తీసిన కాగితం ఊపుతూ కౌంటరు మీదికి వెళ్ళాడు. సుందరరాజు అప్పటికే దొడ్డిదారిన కాఫీకి జారుకున్నాడు. కౌంటరు దగ్గర మిగిలింది చీపురు పట్టుకున్న గంగులమ్మ.

"ఏవమ్మా, లిఫ్టేదీ? వేడినీళ్ళేవీ? ఇన్ని అబద్ధాలు రాయడానికి సిగ్గుండక్కర్లేదా?"

చదవడమే రాని గంగులమ్మ, రాసినందుకు తిట్లు తింది. కింద కూడా గదులున్నాయని ఆమె చెప్పేలోపే వాళ్ళు ఆటో ఎక్కి వెళ్ళిపోయారు. ఆ వారమంతా ఇదే వరస. వచ్చినవాళ్ళు వచ్చినట్టే తిట్టి వెళ్తున్నారు.

"మా యోగానందన్న రోజూ ఈడ కూర్చుని ఏం చేస్తాడు?" అని గంగులమ్మని అడిగాను.

"ఏం జేస్తాడు సామీ, ఊరికే సూస్తాంటాడు. మొదుట వచ్చిన దినం నన్ను ఒకటే మాట అడిగినాడు. 'నిన్ను దేనికి తిడతారమ్మా' అని. లిఫ్టుకీ నీళ్ళకీ అని చెప్పినాను. లేసి పోయినాడు."

నేను సెంటరుకి నడుస్తూ పాత పేజీలన్నీ గుర్తు తెచ్చుకున్నాను. కారు నిదానమని తిట్లు తినేది ఏబెల్. పక్షులు రాని రోజున తిట్లు తినేది తెడ్డు వేసేవాడు. బెల్లం నల్లగా ఉందని మాటలు పడేది తూచి ఇచ్చే ఆడమనిషి.

వాళ్ళ తిట్లు తప్పించడానికేనా ఇట్లా రాసేది అని యోగానందని అడిగితే ఒప్పుకున్నట్టూ లేదు, ఒప్పుకోనట్టూ లేదు. "సగం ధరకే చీరలని అరిసేసి నేను ఆటోలో పోతాను. ఆడ తిట్లు తినేది చీరలు మడతేసే ఆడపిల్లోళ్ళు గదప్పా" అన్నాడు, కిటికీలోంచి బస్సులు చూస్తూ.

వారం తిరిగేసరికి గదులు మళ్ళీ ఖాళీ. సుందరరాజు వచ్చి చేతులెత్తేశాడు. "ఎట్టాగూ మునిగినాను. నిజం చెప్పే మునుగుతాను. నీ ఇష్టమొచ్చింది రాసుకోప్పా."

యోగానంద పాతదానికే ఇంకాస్త చేర్చాడు: "మా లాడ్జికి లిఫ్టు లేదు. మెట్లు ఎక్కలేని పెద్దవాళ్ళకి కింద రెండు గదులున్నాయి, ముందే అడగండి. వేడినీళ్ళు కట్టెల పొయ్యి మీద కాస్తాం. మోసుకొచ్చేది గంగులమ్మ, ఆమెకి మోకాళ్ళ నొప్పి. బకెట్టు మీరే తీసుకెళ్తే సంతోషం."

నేను బొమ్మంతా మళ్ళీ చేశాను.

ఆ తర్వాత వచ్చినవాళ్ళు కౌంటరు దగ్గర అడిగిన మొదటి ప్రశ్న, "గంగులమ్మంటే మీరేనా?" ఒకాయన బ్యాంకు ఆఫీసరట, లుంగీ ఎగగట్టుకుని బకెట్టు మోశాడు. ఒకామె నొప్పుల నూనె తెచ్చింది. కింది గదుల కోసం పెద్దవాళ్ళున్న ఇళ్ళవాళ్ళు ముందే ఫోను చేశారు. వాళ్ళ వెంట వచ్చిన మిగతావాళ్ళతో పైగదులు నిండాయి. ఎండాకాలం అయ్యేసరికి గోడౌను మాట వినిపించలేదు. సుందరరాజు కాఫీకి పారిపోవడం మాని, కౌంటరు దగ్గర నిలబడి "మాకు లిఫ్టు లేదు సార్!" అని మీసం మెలేస్తూ చెప్పేవాడు.

గంగులమ్మకి మాత్రం ఒక ఫిర్యాదు మిగిలింది. "బకెట్లు వాళ్ళే మోస్తాండారు. తిట్టేవాళ్ళు గూడా లేరు. నాకు పొద్దే పోవడం లేదు సామీ."

కొన్నాళ్ళకి ఒక మధ్యాహ్నం నేను క్యారియరు విప్పేటప్పుడు యోగానంద ఒక కాగితం నా ముందు పెట్టాడు.

"నీ పేజీ."

"నా లోపం తేలిందా అన్నా?"

"తేలింది."

చదివాను. "ఈ సెంటరు మధ్యాహ్నం ఒంటి గంట నుంచి రెండు దాకా మూసి ఉంటుంది. శ్రీనివాసులు అన్నం తింటూ ఉంటాడు. తలుపు కొట్టకండి."

"ఇది అబద్ధం గదన్నా! నేనెప్పుడు మూసినాను?"

"నేను అబద్ధం రాయను" అన్నాడు యోగానంద. లేచి వెళ్ళి తలుపు మూసి, గడియ పెట్టి వచ్చి కూర్చున్నాడు.

"ఇప్పుడు నిజమే గదా. తిను."