తలవైపు అంచు

బొంతలత్త మా వెనక వీధిలో, పిండిమర మీది గదిలో ఉండేది. నాకు వరసకు ఏమీ కాదు, వీధి మొత్తానికీ అత్తే. ఆసుపత్రి దుప్పట్లకు అంచులు కుట్టే షెడ్డులో ఇరవై రెండేళ్లు పనిచేసి, ఆ తర్వాత ఇంట్లోనే బొంతలు మొదలుపెట్టింది. గుండుసూదులు పెదాల మధ్య బిగించుకునే మాట్లాడేది. ఎక్కడ మింగేస్తుందోనని వినేవాళ్లకు ప్రాణం గిలగిల్లాడేది.

"మధ్యంతా మీ ఇష్టం. అంచు మాత్రం నా ఇష్టం," అనేది. కప్పుకునే మనిషిని చూడందే అంచు జోలికి వెళ్లేది కాదు.

మా మావయ్య కోసం బొంత కుట్టమని ఆయన పాత చొక్కాలన్నీ మూటగట్టి ఇచ్చాను. అంచుకు నీలం శాటిన్ పట్టీ కూడా నేనే కొనుక్కెళ్లాను.

"నాలుగు వైపులా ఇదే వెయ్యత్తా. నిగనిగలాడిపోవాలి."

"ముందు మనిషిని చూడనీ."

"బొంతకి కూడా పెళ్లిచూపులా! కుడతావా, ఇంకెవరికైనా ఇచ్చుకోనా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఏం చెయ్యను! నా పోరు పడలేక అలాగే కుట్టి ఇచ్చింది.

మావయ్య గడియారాలు బాగుచేసేవారు. చూపు పోయి ఏడాదైంది. అయినా చెప్పుల దగ్గర్నుంచి మంచినీళ్ల గ్లాసు దాకా అన్నీ ఆయనే వెతుక్కునేవారు. ఒకరి చేత చేయించుకోవడం ఆయనకు సుతరామూ గిట్టదు.

ఒక మధ్యాహ్నం చూద్దును కదా, మంచం మీద కూర్చుని కొత్త బొంతను తిప్పిందే తిప్పుతున్నారు. ఎటు తడిమినా అదే నున్నటి శాటిన్. ఏది తలవైపో, ఏది కాళ్లవైపో తెలియడం లేదు. నిన్న పాదాల మీదున్న వైపు ఇవాళ మొహం మీదికి లాక్కోవడం ఆయనకు ఒప్పదు. నేను చూస్తూ ఊరుకోలేక, "ఇటివ్వండి మావయ్యా," అని చేతిలోంచి లాగేశాను.

"నువ్వే కప్పమ్మా. ఇక నా వల్ల కాదులే," అన్నారు.

ఆ మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. మర్నాటి నుంచి బొంత ముట్టలేదు. కాళ్లు ముడుచుకుని పడుకుని, "చలేం లేదు," అనేవారు. ఇవాళ బొంత, రేపు చెప్పులు, ఎల్లుండి గ్లాసు, ఇలా అన్నీ వదిలేస్తారేమోనని నా గుండెల్లో రాయి పడింది.

బొంత చంకన పెట్టుకుని అత్త దగ్గరికి వెళ్లాను. ఎన్ని మాటలన్నా పడదామనుకునే వెళ్లాను. ఆమె ఒక్క మాటంటే ఒక్క మాట అనలేదు. జరిగింది విని, మూడు గుడ్డముక్కలకు మూడు రకాల అంచులు కుట్టుకుని నాతో వచ్చింది.

"అన్నయ్యగారూ, వీటిలో మీ వేళ్లకి ఏది బాగా ఆనుతోంది?"

మొదటి దానికి అడుగుబట్టనే పైకి మడిచి కుట్టింది. రెండోదానికి విడిగా పట్టీ వేసింది. మూడోదానికి పట్టీలో సన్నటి తాడు పెట్టింది. మావయ్య మూడింటినీ బొటనవేలితో నింపాదిగా తడిమారు.

"ఇందులో తాడుంది. చేతికి ఇట్టే దొరుకుతోంది. ఇదిగో, ఇక్కడ ఒక కుట్టు దాటేశావమ్మా."

అత్త పడీపడీ నవ్వింది. పెదాల మధ్య సూదులన్నీ నేల పాలయ్యాయి. ఎన్నాళ్లకో మావయ్యా నవ్వారు.

"తలవైపు తాడు పట్టీ. మిగతా మూడు వైపులా అడుగుబట్ట మడుపు," అని తేల్చేసింది.

శాటిన్ విప్పుతుంటే లోపల రెండు వేళ్ల వెడల్పున అడుగుబట్ట మడిచి ఉంది. మామూలుగా అయితే పట్టీ వేసేటప్పుడు దాన్ని కత్తిరించేస్తారు.

"ఇదేంటత్తా, కత్తిరించలేదే?"

"పనికొస్తుందనిపించింది," అంది, అంతే. నా మొండితనాన్ని కూడా లెక్కలోకి తీసుకుని కుట్టిన ఆ చేతులకు దండం పెట్టాలనిపించింది.

నెల తిరక్కుండానే నాకు జ్వరం వచ్చింది. మధ్యాహ్నం ముందుగదిలో చాప మీద అలాగే ఒరిగిపోయాను. మెలకువ వచ్చేసరికి ఒంటి మీద బొంత ఉంది. పాదాలు రెండూ లోపలే ఉన్నాయి. గడ్డం కింద గట్టిగా ఏదో తగిలింది. తడిమితే తాడు.

పక్కనే కుర్చీలో మావయ్య కూర్చుని ఉన్నారు.

"లేచావా తల్లీ? తాడు తలవైపే వచ్చిందా?"

"వచ్చింది మావయ్యా," అన్నాను. ఆయనకు వినపడలేదేమోనని మళ్లీ అన్నాను.