నేను చెరిపిన ముఖం

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాన్ని మా పక్కింటి గోడకు తగిలించింది కూడా నేనే. డైరీలో ఎన్నో రాసుకున్నాను. చదివిన పుస్తకాలు, రాని వానలు, నాన్న మీద కోపం. ఇది మాత్రం రాయలేదు. రాయబోయిన ప్రతిసారీ వేరే ఏదో రాసి పేజీ నింపేసినాను.

మీరెవరో నాకు తెలియదు. తెలిసి ఉంటే చెప్పగలిగేదాన్ని కాదు.

మాది కర్ణాటకలోని పావగడ తాలూకాలో రాయచెర్లు. సోలార్ పార్కులో ప్లేట్లు కడిగే పనికి మా ఊరి మగవాళ్ళు చేరుతున్న రోజులవి. గేటు పాసుకు ఫోటో కావాలి. నేను అప్పుడు పదో తరగతి అయి పీయూసీ చదువుతున్నాను, నాన్న కొత్తగా ఫోన్ కొనిచ్చినాడు. గోడకు తెల్ల పంచె కట్టి, ముందు మనిషిని నిలబెట్టి ఫోటో తీసేదాన్ని. ముఖం మీది నీడ తీసేసి, కొలతకు కత్తిరించి ఇచ్చేదాన్ని. బస్సులో టికెట్ అడగడానికి కూడా గొంతు రాని దాన్ని నేను. అట్లాంటి నన్ను వెతుక్కుంటూ మనుషులు వచ్చేవాళ్ళు. ‘ఫోటో పాప ఉండాదా?’ అని వాకిట్లో ఎవరైనా పిలిస్తే నాన్న నాకంటే ముందు లేచేవాడు. నాకు అది చాలా ఇష్టంగా ఉండేది. ఎంత ఇష్టమో ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తుంది. ఈ తప్పంతా అక్కడే మొదలైందేమో.

పక్కింటి ఈరన్న మామ గొర్రెలు కాసేవాడు. ఒకరోజు సాయంత్రం గొర్రెలు వాటంతట అవే ఇంటికొచ్చినాయి. ఆయన రాలేదు. గుండె ఆగిపోయిందన్నారు.

మా వైపు పదకొండో దినానికి ఫోటో ఉండాలి. దానికి బొట్టు పెట్టి, పూలహారం వేసి, చనిపోయిన మనిషికి ఇష్టమైనవన్నీ ముందు పెట్టి మొక్కుతారు. తొమ్మిదో రోజు ఆయన భార్య నరసక్కత్త తన బటన్ల ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

“ఇదొక్కటే ఉండాది పాపా. ఫోటో అంటే మేకపోతు మాదిరి ఎగిరిపోయేటోడు మీ మామ.”

ఫోటోలో ఆయన భుజం మీద గొర్రెపిల్ల. తలపాగా నీడ సగం ముఖం మీద పడింది. అయినా నవ్వు తెలుస్తోంది. ముందుపన్ను లేని నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

ఆమె ఫోన్‌లోని మెమరీ కార్డు తీసి నా ఫోన్‌లో వేసుకున్నాను. ‘కాపీ’ నొక్కినాననుకున్నాను. నొక్కింది ‘మూవ్’. ఫోటో కార్డులో నుంచి నా ఫోన్‌లోకి వచ్చేసింది, కార్డులో లేకుండా పోయింది. అది నాకు తెలియలేదు. నీడ తీసినాను. వెనక నీలం రంగు పెట్టినాను. సేవ్ చేయబోతే జాగా లేదంది ఫోన్. కార్డులో అసలుది ఉందిలే అన్న ధైర్యంతో గ్యాలరీలో ఉన్నవి, ఆ ఫోటోతో సహా, గుంపుగా ఎంచి తీసేసినాను. చెత్తబుట్ట కూడా ఖాళీ చేసినాను. మళ్ళీ సేవ్ నొక్కితే చక్రం తిరుగుతూనే ఉంది. ఓపిక లేక ఫోన్ ఆపేసినాను.

తిరిగి ఆన్ చేసి చూస్తే తలపాగా ఉంది, నుదురు ఉంది. కనుబొమల కింద నుంచి అంతా బూడిదరంగు.

కార్డు చూసినాను. లేదు. పోయిన ఫోటోలు తెచ్చే యాప్ ఒకటి వేసినాను, అది తేలేదు. ఇంకొకటి వేసినాను. తీసేసినవి కొంతసేపు లోపలే ఉంటాయని, కొత్తది ఏది వేసినా వాటి మీదే పడుతుందని తర్వాతెప్పుడో చదివినాను. అంటే కాపాడబోయి ఆ కాస్త ఆశనూ నేనే తుడిచేసినాను.

అప్పుడే వెళ్ళి చెప్పి ఉంటే? తిట్టేది. ఏడ్చేది. అంతేకదా. ఆ మాట ఇప్పుడు సులభంగా రాస్తున్నాను. ఆ రోజు నా కళ్ళ ముందు ఆడింది నరసక్కత్త ఏడుపు కాదు. ఫోటో పాపకు ఏమీ రాదంట అని ఊరు అనబోయే మాట.

ఆయన తమ్ముడు తిప్పన్న గేటు పాసు ఫోటో వేరే ఫోల్డరులో ఉండి, ఇంకా నా ఫోన్‌లో మిగిలింది. అన్నదమ్ములిద్దరివీ ఒకే పోలికలు. తమ్ముడి కళ్ళు, ముక్కు, మూతి కత్తిరించి అన్న నుదుటి కింద అతికించినాను. అతుకు కనబడకుండా రుద్దినాను. మీసానికి తెలుపు వేసినాను. చాలా శ్రద్ధగా చేసినాను. ఎప్పుడూ ఏ పనీ అంత శ్రద్ధగా చేయలేదు. ఒక్కటే కుదరలేదు. గేటు పాసు ఫోటోలో ఎవరూ నవ్వరు.

ఫ్రేము కట్టించుకొచ్చి ఇస్తే నరసక్కత్త చాలాసేపు చూసింది. “నవ్వతా ఉండె గదమ్మా?”

“పెద్దది చేస్తే నవ్వు పోతుందత్తా,” అన్నాను.

నమ్మింది. “మనిషే పోయినంక నవ్వు యాడుంటాది లే,” అంది.

మేకు నేనే కొట్టినాను. తర్వాత తన ఫోన్‌లో ఫోటో లేదని ఆమె వస్తే, కార్డు ఎండకు చెడిపోయిందని చెప్పినాను. “గొర్రెల కాడ బండ మీద పెడ్తి, నేనే పోగొట్టుకుంటి,” అని ఆమె తన తలే కొట్టుకుంది. నేను చూస్తూ నిలబడినాను.

బతికున్న మనిషి ఫోటోకు ఎవరూ హారం వేయరు. ఆరేళ్ళుగా తిప్పన్న ముఖానికి హారం వేలాడుతోంది. ప్రతి పెద్దల అమాసకూ ఆయన కొత్త తువ్వాలు తెచ్చి తన ముఖం ముందు తనే పెట్టి మొక్కుతాడు. ఆయనకు చిన్న జ్వరం వచ్చినా నాకు అన్నం దిగదు. నేను ఇట్లాంటివి నమ్మను. అయినా దిగదు.

పోయిన వారం ఆమె ఇంట్లో విత్తనానికి శనక్కాయలు ఒలుస్తున్నాం. తలెత్తకుండా అంది:

“పాపా, ఒక మాట చెప్తా. యాడా అనొద్దు.”

“చెప్పత్తా.”

“మీ మామను తల్సుకుంటే తిప్పన్న మొగం వస్తాండాది. నవ్వేది గ్యాపకం చేసుకుందామని కండ్లు మూసుకుంటా. మళ్ళా వాడే. మరిది మొగాన్ని మొగుని తావున చూసేది పాపం గదమ్మా?”

నేను ఒలిచిన పొట్టు పక్కకు తోసినాను.

“అందుకే వాన్ని ఇంటికి రావద్దని చెప్పినా.”

“ఏమని చెప్పినావు?”

“ఏమని చెప్పేది? ఊర్లో నోర్లు మంచివి కాదురా అంటి. తలకాయ వంచుకొని పోయినాడు. నేను కాపురానికి వచ్చినప్పుడు నా కొంగు పట్టుకొని తిరిగినోడు పాపా వాడు.”

ఆమె గొర్రెలకు మేత కొట్టుకొచ్చేది తిప్పన్న. బోరు దగ్గర నుంచి నీళ్ళ బిందెలు బండి మీద తెచ్చిపెట్టేది తిప్పన్న. ఆమెకు ఇంక ఎవరూ లేరు. మాట నా నాలుక మీదికి వచ్చింది. పాపం నీది కాదత్తా, ఆ ముఖం నిజంగానే తిప్పన్నది అని. ఒక్క వాక్యం. నేను ఒక కాయ ఒలిచినాను. ఇంకొక కాయ ఒలిచినాను. చాటలో గింజలు నిండినాయి. లేచి ఇంటికొచ్చేసినాను.

దేనికి భయపడినాను? చెబితే ఆమెకు మొగుడి ముఖం గోడ మీద కూడా మిగలదు, అందుకే ఆగినాను అని వారం రోజులుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. అది నిజమే కావచ్చు. కానీ ఆ క్షణంలో నాకు తోచింది అది కాదు. ఆరేళ్ళ కిందట తోచిందే తోచింది. నన్ను ఏమనుకుంటారు అని. ఇన్ని పుస్తకాలు చదివి, ఇన్ని పేజీలు రాసి, నేను అక్కడి నుంచి ఒక్క అడుగైనా కదిలినానా?

కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. కార్డు చెడిపోలేదు. ఎండ తప్పు లేదు, నరసక్కత్త తప్పు లేదు. ఈరన్న మామ నవ్వును నేను చెరిపినాను. తిప్పన్న ముఖాన్ని దొంగిలించి ఆ చోట పెట్టినాను. ఒక మంచి మనిషి తన మనసు చెడిందని అనుకుంటుంటే విని ఊరుకున్నాను.

ఇదంతా తెలుగులో ఉంది. బడిలో నేను చదివింది కన్నడం. ఈ అక్షరాలు మా అవ్వ నేర్పింది, ఆమె పోయినాక మా ఇంట్లో వీటిని చదివేవాళ్ళు లేరు. నరసక్కత్తకు ఏ అక్షరాలూ రావు. కాగితం ఏది వచ్చినా నా దగ్గరికే తెచ్చి చదివించుకుంటుంది. ఇది కూడా ఆమెకు నేనే చదవాలి. ఇంకా చదవలేదు. చదువుతానని మీకు మాట ఇచ్చే ధైర్యం కూడా లేదు. రాయడం అయితే అయింది. ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.