బతికున్న అత్తకు బియ్యం

మగ్గం ఆగితే మనిషికి విశ్రాంతి దొరుకుతుందనుకునేవాళ్ళు మా బాపును చూడాలి. సూరత్‌లోని లింబాయత్‌లో మా గల్లీ పొడుగూతా ఖాతాలే, అంటే మరమగ్గాల షెడ్లే. ఆ మగ్గాలను మేం సాంచాలంటాం. మీసం రాకముందే మెట్‌పల్లి దగ్గరి పల్లె నుంచి వచ్చి ఆ చప్పుళ్ళలో పడ్డ మనిషి మా బాపు, దూస బుచ్చిరాములు. లాక్‌డౌన్‌లో సాంచాలన్నీ ఒక్కసారిగా మూగబోయేసరికి ఆయన కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. మాకున్నది ఒకటిన్నర గది. అందులోనే తలుపు నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి తలుపు దాకా. నేను కింద కూర్చుని, మిగిలిపోయిన చీరలకు రాళ్ళు అంటిస్తుంటే ఆయన కాలు తగిలి నా జిగురు డబ్బా ఎన్నిసార్లు ఒలికిందో. "జర ఒక్కకాడ కూసోరాదు" అని మా అమ్మ కొమురవ్వ మొత్తుకునేది. కూర్చునేవాడు. కూర్చుని మోకాళ్ళు ఊపేవాడు.

గల్లీలో సగం మంది దొరికిన రైలెక్కి ఊళ్ళకు పోయారు. మాకు ఊళ్ళో దిగడానికి చోటు లేదు. అదే బాపును లోపల తొలిచింది. మనం ఇక్కడే పోతే, మనం ఎవరివాళ్ళమో చెప్పే దిక్కు కూడా లేదు కదా అన్నాడు ఒకరోజు పొద్దున్నే, ముఖం కూడా కడుక్కోకుండా. నాకు ఒళ్ళు మండింది. కరోనా రోజుల్లో ఇంట్లో అనాల్సిన మాటేనా అది? కానీ ఆ మాట నుంచే ఆయనకో పని దొరికింది. చుట్టాలందరికీ ఫోన్లు చేసి, మా దూస వాళ్ళు ఎవరెవరు, ఎవరికి ఎవరేమవుతారో తెలుసుకోవడం.

సాంచాల మోతకు చెవులు సగం పోయాయి కాబట్టి ఆయన ఫోన్లో మాట్లాడితే గల్లీ చివరిదాకా వినబడుతుంది. పైగా బాగున్నారా అని అడగకుండానే, మీ ఇంట్లో ఎవరెవరు పోయారని మొదలుపెట్టేవాడు. అవతలివాళ్ళకు గుండె గుభేలుమనేది. సిరిసిల్లలో ఒక పెద్దనాన్న ఆ ఫోను దెబ్బకు బీపీ పెరిగి మంచమెక్కాడు. భీవండీలో ఉండే చిన్నాన్న కొడుకు మా నంబరు బ్లాక్ చేశాడు. అయినా బాపు వదల్లేదు. నాతో 'దూస వారి కుటుంబం' అని వాట్సాప్ గ్రూపు పెట్టించాడు. చార్టు కొనుక్కొచ్చి, కొమ్మలూ రెమ్మలూగా అందరి పేర్లూ నాతో గీయించాడు.

ఆ పేర్లలో లింగవ్వ పేరు దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఆయన గొంతు మారేది. లింగవ్వ మా తాత రాజేశానికి ఒక్కగానొక్క చెల్లెలు, బాపుకు మేనత్త. బాపును చంకనేసుకుని పెంచింది ఆమేనట. పెళ్ళయ్యాక మొగుడితో సూరత్ వచ్చింది. మొగుడు పోయాడు. ఆ తర్వాత ఒకనాడు తాత ఎక్కడో ఏదో కబురు విని ఇంటికొచ్చి, కట్టుబట్టలతోనే వాకిట్లో నెత్తి మీద నీళ్ళు పోసుకున్నాడు. ఇంటిల్లిపాదికీ పోయించాడు. చావు కబురు వింటే చేసే స్నానం అది. లింగవ్వ మనకు లేదని ఒక్క మాటన్నాడు. పిల్లవాడైన బాపు తడిబట్టలతో వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ తర్వాత ఆమె పేరు ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

బతుకమ్మకు ముందొచ్చే పెత్రమాస నాడు మా వాళ్ళు చనిపోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తారు. ఆ ఏడు బాపు లింగవ్వ పేరు మీద కూడా ఇస్తానన్నాడు. అమ్మ అడ్డుపడింది. ఇచ్చేసిన ఆడబిడ్డ పేరు పుట్టింటివాళ్ళు చెప్పరు, అది అత్తింటివాళ్ళ పని అంది. పిల్లాజెల్లా లేకుండా పోయిన మనిషికి నేను కాకపోతే ఎవరిస్తారని బాపు ఎదురు తిరిగాడు. మాస్కు కట్టుకున్న అయ్యగారికి దూరం నుంచే, గల్లీ అంతా వినేటట్టు లింగవ్వ పేరు చెప్పి బియ్యం పోశాడు. ఆ రోజు మాత్రం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు.

దసరా వెళ్ళాక చార్టు ఫొటో తీసి గ్రూపులో పెట్టాం. లింగవ్వ పేరు ముందు 'స్వర్గీయ' అని బాపు చెప్పి మరీ రాయించాడు. దండం పెట్టే బొమ్మలు బోలెడు వచ్చాయి. సాయంత్రం మెట్‌పల్లి నుంచి భాగీరథి ఫోన్ చేసింది. తాతకు వరసకు మరదలు, మా వాళ్ళలో మిగిలిన పెద్ద తల ఆమె ఒక్కతే. నేను స్పీకర్ పెట్టాను.

"లింగవ్వ సచ్చిందని ఎవలు చెప్పిండ్రురా నీకు?" అంది.

బాపు తాత చేసిన స్నానం సంగతి చెప్పాడు.

"తానం జేసిండు, నిజమే. సచ్చిందని చేసిండా? మొగడు పోయినంక గా మరాఠాయనతోని ఉంటున్నదని చేసిండు. గది బతికే ఉన్నది. మీ సూరత్‌లనే, పర్వత్ పాటియాల."

పర్వత్ పాటియా అంటే మా గల్లీ చివర షేర్ ఆటో ఎక్కితే దిగే చోటు. బాపు ఆ దారిన తిరగని వారం లేదు. ఆయన ముఖం సున్నం కొట్టినట్టయింది. బతికున్న మనిషి పేరు మీద బియ్యమిస్తే ఆ మనిషిని చేజేతులా చావుకు అప్పజెప్పినట్టేనని మా వాళ్ళ నమ్మకం. ఆ క్షణం నుంచి ఆయనకు ఒకటే ధ్యాస. ఆమెకేమైనా అయ్యేలోపల, క్షమించానని ఆమె నోటితో అనిపించుకోవాలి.

భాగీరథి చెప్పిన గుర్తులు పట్టుకుని మర్నాడే వెళ్ళాం. బియ్యం మాట ఎత్తొద్దని, ముందు ఎవరివో చెప్పుకొమ్మని ఆటోలో దారిపొడుగునా చెప్పాను. బుద్ధిగా తలూపాడు. ఆమెది ఒక్క గది. మార్కెట్‌కు పోయే చీరలు మడతపెడుతూ కూర్చుంది. మరాఠాయన కూడా పోయి చాలా కాలమైందట. బాపును చూడగానే లేచి తలుపు పట్టుకుని నిలబడి, రాజేశం కొడుకువా అని అడిగింది. అంతే, బాపు ఆమె కాళ్ళ మీద పడి, స్నానమూ చార్టూ బియ్యమూ మా గల్లీ పేరూ అన్నీ గుక్క తిప్పుకోకుండా కక్కేశాడు. నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఆమె కాళ్ళు వెనక్కి తీసుకుంది.

"నేను బతికుండంగనే మా అన్న తానం జేసిండు. నువ్వు బియ్యం గూడ ఇచ్చినవు," అంది. "ఇంకేం మిగిలిందని వచ్చిండ్రు?"

తలుపు వేసుకుంది.

అప్పటికి సాంచాలు మళ్ళీ నడుస్తున్నాయి. బాపు మాత్రం పని మీద మనసు పెట్టలేకపోయాడు. సెలవు దొరికితే చాలు, పర్వత్ పాటియాలో ఆ గల్లీ మొదట్లో చాయ్ బండి దగ్గర నిలబడేవాడు. ఆమె నీళ్ళకో కూరగాయలకో బయటికొస్తే దూరం నుంచి చూసి, ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, బతికే ఉంది అనేవాడు. ఆమె నిక్షేపంగా ఉంది, నువ్వే పోయేటట్టున్నావు అని అమ్మ విసుక్కునేది.

రెండో అల వచ్చినప్పుడు ఆయన భయం నిజమైంది. ఒకరోజు ఆమె తలుపు తెరుచుకోలేదు. చుట్టుపక్కల వాళ్ళు దగ్గరికి పోవద్దన్నారు. బాపు తలుపు తోసుకుని పోయి, జ్వరంతో కాలిపోతున్న మనిషిని ఎత్తుకుని ఆటోలో వేశాడు. ఏ ఆస్పత్రికి పోయినా మంచం లేదన్నారు. చివరికి ఎవరో పెళ్ళిళ్ళ హాల్లో పరుపులు వేసి ఆక్సిజన్ పెడుతున్నారంటే అక్కడ చేర్చాడు. ఆమె నీకేమవుతుందని వాళ్ళు అడిగితే, ఫూఫీ, మేనత్త అని గట్టిగా అరిచి చెప్పాడు.

ఎండలో ఫుట్‌పాత్ మీదే ఉన్నాడు. అన్నం తీసుకెళితే ముద్ద ముట్టలేదు.

"నేనే సంపుతున్న బిడ్డా," అన్నాడు. "గీ చేతులతోనే పోసిన గదా బియ్యం."

నేను తిట్టాను. ఊరంతా రోగమొచ్చి పడితే నీ గుప్పెడు బియ్యం ఏం చేస్తాయన్నాను. తిట్టానే గానీ, లోపలి నుంచి ఎవరు బయటికొచ్చినా ఇద్దరం ఒకేసారి లేచి నిలబడేవాళ్ళం.

ఆమె బతికింది. నీరసంగా, గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చి బాపును ఒకసారి చూసింది. ఏమీ అనకుండా తనే ఆటో పిలుచుకుని వెళ్ళిపోయింది. బాపు సంతోషించాడు, దిగులూ పడ్డాడు. ఒక్క మాట అని ఉంటే సరిపోయేది, తిట్టినా సరిపోయేది అని రోజూ అనేవాడు.

మళ్ళీ పెత్రమాస వచ్చింది. అయ్యగారు మా గుమ్మం ముందు తువ్వాల పరిచి కూర్చున్నారు. అమ్మ చాటలో బియ్యం తెచ్చింది. బాపు చాట పక్కకు నెట్టాడు. ఎవరున్నారో ఎవరు లేరో నాకేం తెలుసు, నేను ఎవరి పేరూ చెప్పనని మొండికేశాడు. అయ్యగారికి ఇంకా నాలుగిళ్ళున్నాయి, ఆయన విసుగ్గా గడియారం చూసుకుంటున్నారు. అప్పుడొచ్చి ఆగింది ఆటో. లింగవ్వ దిగింది. అమ్మ ఇచ్చిన చెంబు నీళ్ళు కూడా తీసుకోకుండా నేరుగా బాపు ముందుకొచ్చి కొంగు పట్టింది.

"నిరుడు నా పేరు మీద ఇచ్చిన బియ్యం నాకు ముట్టలే. గిప్పుడు గిండ్ల పొయ్."

బాపు పోశాడు. తొందరలో సగం నేలపాలయ్యాయి. అక్కసు తీర్చుకోవడానికే వచ్చిందని, ఆ బియ్యం మూట కట్టుకుని వెళ్ళిపోతుందని అనుకున్నాను. ఆమె అయ్యగారి వైపు తిరిగి, మెల్లగా వంగి, కొంగులోని బియ్యమంతా ఆయన తువ్వాలలో పోసింది. ఎవరి పేరునమ్మా అని అడిగారాయన.

"మా అన్న, దూస రాజేశం. నేను బతికుండంగ గాయిన నాకు తానం జేసిండు. గాయిన పోయిననాడు నాకెవ్వలు చెప్పలే. నేను చెయ్యని తానానికి గీ బియ్యం."

బాపు గుమ్మానికి ఆనుకుని, చిన్నపిల్లవాడిలా గొంతెత్తి ఏడ్చాడు. ఆమె అటు తిరగనైనా తిరగకుండా మళ్ళీ కొంగు పట్టింది.

"ఏడువకు అల్లుడా. బియ్యం పట్టుకరా, మా అమ్మ పేరు ఇంకా చెప్పలే."