బండికి వాననీళ్లు

ఫిట్టరు మామ పోయారన్న కబురు నాకు రొయ్యల గుంట గట్టు మీద అందింది. పొద్దున ఏడున్నర అయి ఉంటుంది. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూద్దామని జల్లెడ పైకి లాగుతుంటే ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. "మామ లేవలేదంట. అత్త కాఫీ దీసకపోయి పిలిస్తే పలకలేదంట. నువ్ బిన్నా రా, ఆలీసెం చెయ్యబాక," అంది నా భార్య. ఫోన్ పెట్టేశాక నేను చేసిన మొదటి పని చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. ఏ వారమో గుర్తు చేసుకున్నాను. గురువారం. ఆదివారం మేమిద్దరం ఒక ప్రయాణం పెట్టుకున్నాం. అప్పటికే నేను ఒకసారి వాయిదా వేసిన ప్రయాణం అది.

మామ నాకు చుట్టం కాదు. తోటపల్లి గూడూరు పక్కన మా ఊళ్లో, మా పక్కింటాయన. బిట్రగుంట లోకోషెడ్డులో ఆవిరి ఇంజన్ల కాలంలో కళాసీగా చేరి, ఫిట్టరుగా రిటైరై, అత్త పుట్టిన ఊరు గనక ఇక్కడికి వచ్చి ఇల్లు కట్టుకున్నారు. ఊరంతా ఆయన్ని ఫిట్టరు మామ అనే పిలిచేది. కుట్టుమిషను, మిక్సీ, గుంటలో నీళ్లు చిలికే ఏరియేటరు, ఏది మొరాయించినా ఆయన అరుగెక్కాల్సిందే. బాగు చేసి తిరిగి ఇచ్చేటప్పుడు ఒకే మాట చెప్పేవారు. "వాడతా ఉండండి. దాచిపెట్టుకోబాకండి." దాచిపెట్టిన వస్తువు వాడిన వస్తువు కంటే ముందు పాడవుతుందని ఆయన గట్టి నమ్మకం.

మేము దాచిపెట్టుకున్నది మా నాన్న అంబాసిడర్ కారు. పొలంలో వరి పండే కాలంలో నాన్న ఇష్టపడి కొన్నారు. ఆయన పోయాక దాన్ని గొడ్ల చావిట్లోకి నెట్టాం. తర్వాత గొడ్లు పోయాయి, వరి పోయింది, పొలం రొయ్యల గుంటలైంది. కారు మాత్రం ఇరవై ఏళ్లు అక్కడే ఉండిపోయింది. సముద్రపు గాలికి అడుగు రేకు అప్పడంలా విరిగేది. వెనక సీట్లో ఎలుకలు కాపురం పెట్టాయి. డిక్కీలో మా కోడి ఒకటి ఏకంగా పిల్లల్ని లేపింది. ఇక లాభం లేదని పాత ఇనుము కొనేవాణ్ణి పిలిపించాను. అతను గ్యాస్ కట్టరు దించుతుంటే గోడ అవతలి నుంచి చూసిన మామ చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చేశారు.

"ఏందబ్బయా, కోయిస్తా ఉండావా?"

"ఇంకేం చేసేది మామా, ఇరవై ఏండ్లుగా పడుండాది."

"ఇంజను తిప్పి చూసినావా?"

"లా, తిప్పలా."

"మనిషినైనా నాడి పట్టి చూసినాకే గదయ్యా మోసకపోతారు," అని బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఇనుము కొనేవాడికి మజ్జిగ ఇప్పించి పంపేశాం.

ఆ రోజు నుంచి మా చావిడి షెడ్డయింది. పొద్దున్నే కాఫీ తాగి, భుజాన తువ్వాలు వేసుకుని వచ్చేవారు. నేల మీద సుద్దముక్కతో గీతలు గీసి, వరసగా కొబ్బరిచిప్పలు పెట్టేవారు. విప్పిన ప్రతి బోల్టూ విప్పిన వరసలోనే ఒక్కో చిప్పలోకి వెళ్లేది. చిప్ప ఎవరైనా జరిపితే ఆయనకు కోపం వచ్చేది. నేను ఆయనకు కోపం రావడం చూసింది ఆ ఒక్క విషయంలోనే. ఇంజను బిగుసుకుపోయి ఉంది. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాల్లో కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, రోజుకొకసారి ముందు హ్యాండిలు పెట్టి మెల్లగా తిప్పి చూసేవారు. కదిలేది కాదు. "ఇంకా పట్టుకోనుండాది. రేపు జూద్దాం," అని లేచేవారు. నాలుగో రోజుకే నాకు ఓపిక నశించి, పైపు తగిలించి గట్టిగా లాగుదామన్నాను. మామ నా చేతిలోని స్పానరు మెత్తగా తీసుకున్నారు. "తొందర ఉన్నోడి చేతికి స్పానరు ఇయ్యగూడదబ్బయా. నువ్ చిప్పలు పట్టుకో," అన్నారు. యాభై దాటిన వయసులో కొబ్బరిచిప్పలు పట్టుకుని కూర్చున్నాను. పదకొండో రోజు హ్యాండిలు అర చుట్టు తిరిగింది. మామ అక్కడే నేల మీద కూలబడి, "కదిలిందే, ఇదిగో, కదిలిందే," అంటూ గోడ అవతల ఉన్న అత్తను కేకేశారు.

ఇంత చేస్తున్నావు, నీకేం కావాలి మామా అని ఆ రోజే అడిగాను. ఆయన గ్రీజు పోయేందుకు చేతులకు ఊకా కొబ్బరినూనే రుద్దుకుంటూ చెప్పారు.

"ఉజ్జోగమంతా ఇంజన్లు బాగు చేసినానబ్బయా. బాగైనాక డ్రైవరొచ్చి ఎక్కి తోలకపోయేవోడు. నేను షెడ్డు వాకిట్లో నిలబడి చూసేవోణ్ణి. నా చేత్తో చేసిన బండెక్కి ఒక్క ఊరన్నా పోలా. దీంట్లో నన్నూ మీ అత్తనీ బిట్రగుంట తీసకపో. మేమున్న క్వార్టర్సు చూసొద్దారి. నేను ముందు సీట్లో కూర్చుంటా. అంతే."

ఇంతకన్నా చిన్న కోరిక నన్ను ఎవరూ కోరలేదు. దాన్ని నేను తీర్చలేదు.

ఎందుకు తీర్చలేదో చెప్పాలంటే మా ఊరి నీళ్ల సంగతి చెప్పాలి. గుంటలు వచ్చాక మా ఊరి బోర్లన్నీ ఉప్పుబారాయి. ముందుగా ఉప్పుబారినవి నా గుంటల పక్కవే. తాగడానికి డబ్బా నీళ్లు, కడగడానికి బోరు నీళ్లు, మా ఇళ్లలో రెండు రకాల బిందెలుంటాయి. మామ మూడో రకం పెట్టారు. తుఫాను వానలప్పుడు డాబా మీద నుంచి పడే నీళ్లు పట్టి, అత్త పాత చీర గుడ్డలో వడగట్టి, గాజు సీసాల్లో నింపి, మా ఇళ్ల మధ్య పిట్టగోడ మీద వరసగా పెట్టేవారు. ప్రతి సీసా మీదా ఎర్ర రంగుతో "బండికి" అని రాసేవారు. అవి రేడియేటర్లో పోయడానికి. లోకోషెడ్డులో ఇంజనుకు పోసే నీళ్లను ముందు పరీక్ష చేసేవాళ్లట. "మనం ఉప్పు తింటే దాహం వేస్తదని తెలుస్తది. ఇనుము చెప్పదు గదా, లోపల్లోపలే తినకపోతది," అనేవారు.

కారు మొదటిసారి స్టార్టయిన రోజు వీధంతా మా చావిడి ముందే ఉంది. నాలుగు సార్లు తుమ్మి, నల్లటి పొగ వదిలి, ఐదోసారి అందుకుంది. మామ పొడవాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకూ ఇంకో కొస చెవికీ ఆనించి, కళ్లు మూసుకుని విన్నారు. ఆ మర్నాడే ఆయన కంటి ఆపరేషనుకు నెల్లూరు వెళ్లాల్సి వచ్చింది. వెళ్తూ వెళ్తూ, "కింది గొట్టం క్లిప్పు వదులుగా ఉండాది. వచ్చి మారస్తా. అందాక కదిలించబాక," అని చెప్పి మరీ వెళ్లారు.

మూడో రోజు మా బావమరిది వచ్చాడు. నాన్న కారు లేచిందటగా బావా అన్నాడు. ఇక నేను ఆగుతానా? గుంటల గట్టు వెంబడి ఒక చుట్టు తిప్పాను. తిరిగి వచ్చేసరికి బానెట్ కింద నుంచి ఆవిరి బుస్సుమంటోంది. నీళ్లన్నీ కారిపోయాయి. మామ సీసాలు పిట్టగోడ మీద ఉన్నాయి, ఇరవై అడుగుల దూరం. బోరు గొట్టం నా కాళ్ల దగ్గర ఉంది. బావమరిది చూస్తున్నాడు. వేడి తగ్గాక క్లిప్పు చేతనైనంత బిగించి, బోరు గొట్టం తీసుకుని రేడియేటరు నిండా పోసి, మూత పెట్టి, కారు మళ్లీ చావిట్లో పెట్టేశాను.

మామ వచ్చాక చెబుదామనుకున్నాను. ఆయన కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని, ఇంకో నెల వంగకూడదన్నారని దిగులుగా వచ్చారు. ఇప్పుడెందుకులే అనుకున్నాను. ఆలోగా నా గుంటల్లో రొయ్యలకు తెగులు తగిలింది, నా పరుగులు నావి. మామ కన్ను కుదుటపడటానికి నెల కాస్తా మూడు నెలలైంది. అన్నాళ్లూ ఆ ఉప్పునీళ్లు ఇంజనులోనే ఉన్నాయి.

చివరికి మామ వంగగలిగిన రోజు రేడియేటరు మూత తీశారు. ఎర్రటి బురద నీళ్లు. రేడియేటరు కింద చెమ్మ ఆరిన చోట తెల్లటి పొడి. దాన్ని వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నారు. ఉమ్మేసి, నావైపు చూశారు.

"ఉప్పు," అన్నారు.

"ఎవురు బోసినారో మామా, నాకు తెలీదే," అన్నాను.

నా నోట్లోంచి ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే. మామ లేచి, చావిడి మూల నుంచి కొబ్బరిచిప్పలు తెచ్చి మళ్లీ వరసగా పేర్చడం మొదలుపెట్టారు. "ఎవురు బోసినా చేసే పని ఒకటే గదబ్బయా," అన్నారు.

రేడియేటరు గొట్టాలకు చిల్లులు పడ్డాయి. వాటరు పంపు బిగుసుకుపోయింది. ఇంజను లోపల పేరుకున్న ఉప్పు పోయేదాకా పిట్టగోడ మీది సీసాలన్నీ ఒకటొకటిగా వంపి కడిగారు. ఆ ఏడాది వానలన్నీ అలా నా తప్పు కడగడానికే అయిపోయాయి. సామాను నెల్లూరు నుంచి నేను తేవాలి. రోజూ గోడ అవతల నుంచి, "రేడియేటరు ఏమైందబ్బయా?" అని అడిగేవారు. "ఈ పట్టుబడి కానీ మామా," అనేవాణ్ణి. రొయ్యలు పట్టి అమ్ముకోవడాన్ని మేం పట్టుబడి అంటాం. ఒక పట్టుబడి అయింది, ఇంకోటి అయింది. ఆయన అడగడం మానలేదు, విసుక్కోనూ లేదు. ఆ రెండు పట్టుబడుల మధ్య ఆయన బాగా తగ్గిపోయారు. హ్యాండిలు తిప్పడానికి నన్ను పిలవడం మొదలుపెట్టారు. అది చూసి కూడా నాకు తొందర పుట్టలేదు. స్పానరు పట్టినప్పుడు ఎక్కడలేని తొందర నాకు, తొందరపడాల్సిన చోట మాత్రం తీరిగ్గా కూర్చున్నాను.

చివరికి రేడియేటరు వచ్చింది, మామ బిగించారు, కొత్తగా పట్టిన వాననీళ్లు పోశారు. గంటసేపు ఇంజను ఆడించినా వేడి చూపించే ముల్లు సగం దాటలేదు. ఆదివారం బిట్రగుంట వెళ్దామనుకున్నాం. మామ పాత ఖాకీ చొక్కా ఇస్త్రీ చేయించుకున్నారని అత్త నవ్వుతూ చెప్పింది. శనివారం సాయంత్రం రొయ్యలు కొనే ఆయన ఫోన్ చేసి, రేపు వస్తానన్నాడు. నేను గోడ దగ్గరికి వెళ్లి, "వచ్చే ఆదివారం పోదాం మామా," అన్నాను. "దానికేముంది, పోదాం లే," అన్నారు. ఆయన అప్పటికే చొక్కా బయటికి తీసి దండెం మీద వేసుకున్నారు. అది నేను చూశాను. గురువారం ఆయన లేవలేదు. ఆ చొక్కానే తొడిగి పంపించాం.

రెండు నెలలు నేను చావిడి వైపు వెళ్లలేదు. చివరికి అత్తే వచ్చి అడిగింది. "ఆయన పోదామన్న చోటికి నన్నన్నా తీసకపో అబ్బయా. దాచిపెట్టుకుంటే చెడిపోతదని ఆయనే గదా అనేది." బయల్దేరే ముందు పాత గుడ్డలు తీద్దామని డిక్కీ తెరిచాను. మూలన, కదలకుండా తువ్వాలు చుట్టి కుక్కిన ఒక గాజు సీసా ఉంది. పిట్టగోడ మీది సీసాల మీద "బండికి" అని మాత్రమే ఉండేది. దీని మీద ఎర్ర రంగుతో, వణికిన అక్షరాల్లో ఇంకొంచెం రాసి ఉంది.

"అబ్బయా, నీళ్లు చాలకపోతే ఇవి పొయ్యి. బోరు నీళ్లు వద్దు."

ఎవరు పోశారో ఆయనకు మొదటి నుంచీ తెలుసు. ఒక్కసారి గట్టిగా అడిగి ఉంటే ఒప్పుకునేవాణ్ణి. తిట్టి ఉంటే ఇంకా బాగుండేది. అడగలేదు, తిట్టలేదు, ఈసారి నీళ్లు నా చేతికి దగ్గరగా పెట్టి వెళ్లారు. నేను డిక్కీ ముందు నిలబడి ఏడ్చాను. అత్తకు అప్పుడే అంతా చెప్పాను. ఆమె ఆ అక్షరాలను వేలితో తడిమి, "ఇట్టా దే, నేను పట్టుకుంటా," అంది.

ముందు సీట్లో కూర్చోమన్నా వినలేదు. "అది ఆయన అడిగింది గదా," అని వెనక కూర్చుంది. పెన్న వంతెన దాటాం, హైవే ఎక్కాం. బిట్రగుంటలో వాళ్లున్న క్వార్టర్సు ముందు ఆపితే దిగకుండా కిటికీలోంచే చూసి, "వాకిలికి రంగు మార్చినారే," అంది. పాత లోకోషెడ్డు ఉన్న చోట కాసేపు ఇంజను ఆపకుండా నిలబెట్టాను. ఎక్కడా తుమ్మలేదు, ఆగలేదు. పక్కన ఖాళీ సీటు ఇంజనుతో పాటు సన్నగా అదురుతూ ఉంది.

తిరిగి వస్తూ నేను రోడ్డు కంటే ఎక్కువగా వేడి ముల్లునే చూశాను. ఒక్కసారి పైకి లేస్తే బాగుండును, బండి పక్కన ఆపి ఆ నీళ్లు నా చేత్తో పోసేవాణ్ణి అనుకున్నాను. ముల్లు సగం దగ్గరే నిలబడింది, ఇల్లు చేరేదాకా కదల్లేదు. మామ పని అలాంటిది. చావిడి ముందు దిగి, అత్త సీసా నా చేతికిచ్చింది. మూత దాకా నిండుగా ఉంది, దారంతా ఆమె ఒడిలో ఉండి వెచ్చబడింది.