కిటికీ పక్క బల్ల దగ్గర ఎర్మెలిండా

సెతూబల్ రేవు వెనక సందులో ఎర్మెలిండాకు రెండంతస్తుల ఇల్లుంది. చేపల్ని డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో, ఉప్పుకి చేతులు పగిలేలా పనిచేసి మొగుడితో కలిసి కట్టుకున్న ఇల్లది. మొగుడు పోయాక కింది భాగాన్ని వల్దెమార్‌కు హోటలు పెట్టుకోమని అద్దెకిచ్చింది. హోటలు బాగానే సాగింది. శనివారం మధ్యాహ్నం కూర్చోడానికి చోటుండదు. అద్దె మాత్రం ఏ నెలా వేళకి వచ్చిన పాపాన పోలేదు.

"చేపల ధర మండిపోతోంది, ఎర్మెలిండా గారూ. వచ్చే వారం ఇచ్చేస్తా" అనేవాడు ఒక నెల. మరో నెల ఫ్రిజ్ చెడిపోయేది. ఇంకో నెల బావమరిది పెళ్లి. ఆమె మెట్లు దిగుతున్న చప్పుడు వింటే చాలు, వంటింట్లోకి జారుకునేవాడు.

బాకీ అలా పేరుకుపోయిన ఆ చలికాలం పైకప్పు కారి ఆమె మంచం తడిసిపోయింది. మేస్త్రీని పిలవడానికి చేతిలో చిల్లిగవ్వ లేదు. కింద నుంచేమో కాల్చిన చేపల వాసన, నవ్వులు.

"కోర్టుకెళ్లు పిన్నీ" అంది అక్క కూతురు జుదీత్.

"కోర్టు తేల్చేలోగా నన్ను పాతిపెట్టేస్తారే. నా మెట్లు నేను దిగడానికి వకీలెందుకు?"

శనివారం భోజనాల వేళకి నల్లకోటు తొడుక్కుని, ఊలు సంచీ పట్టుకుని దిగింది. కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని కాఫీ తెప్పించుకుంది. అక్కడికక్కడే డబ్బిచ్చేసి అల్లిక మొదలుపెట్టింది.

వల్దెమార్ వంగి గొణిగాడు. "ఆ బల్ల వేరేవాళ్లు చెప్పి ఉంచుకున్నారండీ. కాస్త లేవండి."

"అద్దె ఇవ్వు, లేస్తా."

"ఇంతమందిలో నా పరువు తీస్తారా?"

"నీ పరువు మీద ఇవాళే చినుకు పడింది. నా మంచం నెలరోజులుగా తడుస్తోంది!"

వల్దెమార్ మొహం కందగడ్డ చేసుకుని పోలీసుని పిలిచాడు. వచ్చిన కుర్ర పోలీసు ఇద్దరి మాటా విన్నాడు.

"కాఫీకి డబ్బిచ్చావా అమ్మా?"

"ఇచ్చాను. ఈ గదిలో బాకీ లేనిదాన్ని నేనే."

"డబ్బిచ్చి కూర్చున్న మనిషిని ఏ నేరం కింద లేపమంటారండీ?" అని అతను వల్దెమార్ వైపు తిరిగాడు.

అప్పుడు వంటింట్లోంచి వల్దెమార్ భార్య ఒదెత్ తడిచేతులతో వచ్చింది. "అద్దె కట్టేశానన్నావు కదా! ప్రతి నెలా అదే చెప్పావు కదా! అయితే నీ పడవకి కొత్త మోటారు ఎక్కడిది?"

ఒదెత్ గల్లా తెరిచి, బాకీ అంతా తెచ్చి ఎర్మెలిండా ముందు పెట్టింది. "నాకు తెలీదమ్మా" అంది.

ఎర్మెలిండాకు ఆమె మీద జాలేసింది. "నీ తప్పేముందే తల్లీ" అంటూ ఆ తడిచెయ్యి పట్టుకుంది.

"ఇక లేస్తారా?" అన్నాడు వల్దెమార్.

"ఈ వరస అల్లడం అయ్యాక" అంది, తలెత్తకుండానే.

ఆ తర్వాత ప్రతి నెలా ఒకటో తారీఖు పొద్దున్నే ఒదెత్ స్వయంగా మెట్లెక్కి వచ్చి అద్దె ఇచ్చి వెళ్లేది. వల్దెమార్ ఏడాదిపాటు పలకరించలేదు. ఎర్మెలిండా మాత్రం రోజూ మెట్ల మీద నిలబడి, సందంతా వినబడేలా అతనికి శుభోదయం చెప్పేది.