ఉడుకుతోంది, ముట్టుకోకండి

మనిషి లేని గదిలో లైటు వెలుగుతుంటే మా పిన్నికి ఒళ్ళు మండుతుంది. బాబాయి మంచినీళ్ళకని లేచి వచ్చేలోపు ఫ్యాను ఆగిపోయి ఉంటుంది. ఆయన దర్జీ. ముందుగదిలో కుట్టుమిషను ముందు కూర్చుని, "కాసేపు కదలకుండా ఉన్నాననుకో, నన్ను కూడా ఆపేస్తుందిరా మీ పిన్ని" అంటుంటాడు.

కాలేజీలో ఆమెను స్క్రీన్ మేడం అంటారు. టైపిస్టుగా చేరింది. లెక్కల శాఖ వాళ్ళు కంప్యూటర్ ల్యాబు పెట్టినప్పుడు తాళాలు ఎవరికివ్వాలో తోచక ఆమె చేతిలో పెట్టారు. అప్పటి నుంచీ ఆ గది ఆమెదే. పిల్లలు అక్కడ చేసేవి కూడికలూ తీసివేతలూ కాదు. ఇనప పలకను ఒక మూల కాలిస్తే వేడి మిగతా పలకంతా ఎలా పాకుతుంది, వంతెన మీద బరువు పడితే ఏ కమ్మీ ఎంత వంగుతుంది, ఇలాంటివి. సాఫ్ట్‌వేర్‌లో ఆదేశాలు రాసి మీట నొక్కితే ఆ ముసలి కంప్యూటర్లు మూలుగుతూ భోజనాల వేళ దాకా లెక్క చేసేవి. అంతసేపూ స్క్రీను దండగ్గా వెలగడం దేనికని పిన్ని ఒక పద్ధతి పెట్టింది. లెక్క మొదలవగానే స్క్రీను ఆపెయ్యాలి. దాని మీద చీటీ అంటించాలి: "ఉడుకుతోంది, ముట్టుకోకండి." తినొచ్చి స్క్రీను వేస్తే జవాబు సిద్ధంగా ఉండేది. పిల్లలు నవ్వుకునేవాళ్ళు గానీ, ఆ మాట జవదాటేవాళ్ళు కాదు.

మొన్న సెలవుల్లో ఆ ల్యాబు ఖాళీ చేయించి సోఫాలు వేశారు, కొత్తగా చేరడానికి వచ్చేవాళ్ళ కోసమట. పిల్లలకు టాబ్లెట్లు పంచారు.

"ఇక ల్యాబు దేనికమ్మా? ఎవరి ల్యాబు వాళ్ళ ఒళ్ళోనే" అన్నాడు ప్రిన్సిపాల్. మరి నేను దేనికి అని పిన్ని అడగలేదు. ఆయనే చెప్పాడు. "ఈసారి ప్రాక్టికల్ పరీక్ష వీటి మీద నడిపించండి. నడిస్తే మీరుంటారు. లేదంటే ఇక్కడ మీకు పనేం మిగల్లేదు."

ఆ సాఫ్ట్‌వేరేమో టాబ్లెట్ల కోసం పుట్టింది కాదు. పిన్ని ఒక టాబ్లెట్ తెచ్చి నా ముందు పెట్టింది. నేను కాలేజీ మధ్యలో మానేసి వాళ్ళింట్లోనే పడి ఉన్నాను. తినడం, తిరగడం, పాడైన ఫోన్లు విప్పి బిగించడం నా దినచర్య.

"ఒరే, గోళ్ళు గిల్లుకునే బదులు ఇది చూడరా."

చూశాను. ఎక్కించిన ప్రతిసారీ అది అలిగి మూసుకుపోయేది. ఇంకో దారిలో ఎక్కిస్తే వంతెన లెక్క సగం చేసి పడుకునేది. తిట్టుకుంటూ, మళ్ళీ మొదలెడుతూ ఎట్టకేలకు నడిపించాను. అప్పుడు బయటపడింది అసలు తిరకాసు.

"పిన్నీ, ఇది నీ కంప్యూటర్ లాంటిది కాదు. స్క్రీను ఆపితే మనిషి వెళ్ళిపోయాడనుకుంటుంది. పని మధ్యలో వదిలేస్తుంది."

"నీలాగా."

"నాలాగే. మళ్ళీ మొదటి నుంచీ చేయాల్సిందే."

స్క్రీను దానంతటది ఆరిపోకుండా ప్రతి టాబ్లెట్‌లోనూ సర్దాను. కానీ పక్కనున్న మీట నొక్కితే నేనైనా ఏం చేయగలను? అందుకే పరీక్ష రోజు పొద్దున పిన్ని హాలులో నిలబడి గట్టిగా చెప్పింది, స్క్రీను ఎవరూ ఆపొద్దని.

పరీక్ష డ్రాయింగ్ హాలులో పెట్టారు. పొడవాటి బల్లలు, గోడకెక్కడో ఒక ప్లగ్గు. అంతసేపు స్క్రీన్లు వెలుగుతుంటే చార్జి నీళ్ళలా కారిపోతోంది. పిన్నికి సాయంగా వెళ్ళిన నేను ఆఫీసు గదిలోంచి వైరు లాక్కురావడానికి పరిగెత్తాను. ఆ కాస్త సందులోనే జరిగింది. ఒకమ్మాయి లేచిందట.

"మేడం, నాది ఎర్రగా చూపిస్తోంది. ఆగిపోతుందేమో!"

"లెక్క మొదలెట్టేశావా? అయితే స్క్రీను ఆపెయ్యమ్మా. అందరూ ఆపేయండి, చార్జి మిగులుతుంది."

వద్దని పొద్దున చెప్పిందీ ఆమే, ఆపమన్నదీ ఆమే. చేరినప్పటి నుంచీ వింటున్న మాటే పిల్లలు విన్నారు.

భుజాన వైరుతో లోపలికి వచ్చేసరికి హాలంతా నల్లటి స్క్రీన్లు. పిల్లలు చేతులు కట్టుకుని హాయిగా కూర్చున్నారు. వెనక బల్ల మీది కుర్రాడు "మేడం, చీటీ ఇవ్వరా?" అంటున్నాడు. పిన్ని నవ్వుతూ నా వైపు తిరిగింది. నా మొహం చూసింది. ఆ నవ్వు అలాగే బిగుసుకుపోయింది.

ఆ అమ్మాయి టాబ్లెట్ పిన్నే తీసి వెలిగించింది. సాఫ్ట్‌వేర్ కొత్తగా తెరుచుకుంది, అప్పుడే కొన్న పలకలా, లోపల ఒక్క అంకె లేకుండా. మళ్ళీ చేయడానికి టైము లేదు.

ప్రిన్సిపాల్ గదిలో బయటి కాలేజీ నుంచి పరీక్ష పెట్టడానికి వచ్చిన మేడం కూర్చుని ఉంది. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"పిల్లలే అజాగ్రత్తగా ఆపేశారని రాద్దాం" అన్నాడు ప్రిన్సిపాల్. "టాబ్లెట్ల తప్పు లేదు, మీ తప్పూ లేదు. ఈ ఏడు పోతే వచ్చే ఏడు రాసుకుంటారు."

సరేనను పిన్నీ అని కళ్ళతో సైగ చేశాను. నీతులు కూడు పెట్టవు.

"ఆపమన్నది నేనండీ."

"అమ్మా, ఆలోచించి మాట్లాడండి."

"నేను చెప్తేనే ఆపారు. నా మాట విన్నందుకు ఏడాది పోగొట్టుకోవాలా వాళ్ళు?"

బయటి నుంచి వచ్చిన మేడం కలం మూసి, వచ్చే వారం పరీక్ష మళ్ళీ పెడతానంది. ప్రిన్సిపాల్ చెయ్యి చాచాడు. పిన్ని టాబ్లెట్ల బీరువా తాళాలు ఆ చేతిలో పెట్టింది.

వరండాలో ఆయన నన్ను ఆపాడు. "ఆ రోజుకు నువ్వు రావయ్యా. వీటి సంగతి తెలిసినవాడివి. బాగా జరిగితే ఇక్కడే ఉండిపోదువు గాని."

ఇంటికొచ్చి చెప్తే బాబాయి మిషను ఆపాడు. "భేషుగ్గా ఉంది. ఆమె కూర్చున్న కొమ్మ నరికి నీకు ఉయ్యాల కట్టారన్నమాట!"

"నేను వెళ్ళను" అన్నాను.

"నువ్వు వెళ్ళకపోతే నా తాళాలు నాకిస్తారా?" అంది పిన్ని. "పిల్లల సంగతి చూడు. వెళ్ళు. ప్లగ్గులు ముందే సర్దుకో."

వెళ్ళాను. ప్రతి బల్లకీ వైరు లాగాను. బల్లల మధ్య తిరుగుతుంటే ఆ ఎర్రచార్జి అమ్మాయి వేలు అలవాటుగా పక్క మీట మీదికి పోయింది. "ఆపకు!" అని అరిచాను. హాలంతా ఉలిక్కిపడింది. ఆ అమ్మాయి వేలు తీసేసి, "మేడం రారా ఇక?" అని అడిగింది. నీ లెక్క చూసుకో అన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పిన్ని వంటగది గుమ్మంలో కూర్చుని ఉంది.

"అందరిదీ అయిందా?"

"అయింది. రేపటి నుంచి రమ్మన్నారు నన్ను."

"ఊఁ" అంది. ముందుగదిలో బాబాయి లేడు. కుట్టుమిషను మీద లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది. కూర్చున్నచోటు నుంచి ఆ రెండూ ఆమెకు కనిపిస్తూనే ఉన్నాయి. లేవలేదు.

నేనే వెళ్ళి ఆపాను.